ఎర్ర చుక్క పెట్టిన చెరువు

అర్షియా పెట్టిన మొదటి మీటింగుకి ముగ్గురంటే ముగ్గురొచ్చారు. ఒకావిడ గ్యాస్ కనెక్షన్లు ఇస్తున్నారనుకుని వచ్చింది. ఇంకొకావిడ ఎండలో నడుస్తూ షామియానా నీడ కనబడి కాసేపు ఆగింది. మూడో ఆవిడ వీరరాఘవమ్మ. ఆవిడ మాత్రం సావకాశంగా గొడవ పెట్టుకుందామనే, తమలపాకుల సంచీతో సహా సిద్ధమై వచ్చింది.

పాపం, అర్షియా ఏర్పాట్లకేం లోటు లేదు. ఆటోకి మైకు కట్టించి రెండు రోజులు పుంతలంక ఊరంతా తిప్పింది. ఏలూరు నుంచి కైకలూరు ఒక బస్సు, అక్కడినుంచి మండవల్లి ఇంకో బస్సు, మండవల్లి నుంచి చేపల చెరువుల గట్ల మీదుగా షేరాటో, ఇన్నిట్లోనూ తను రాసుకున్న చార్టుని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చింది. దారిలో ఒక చెరువు మధ్య కర్రలు పాతి, కొంగలు వాలకుండా పాత గుడ్డలు కట్టి ఉంటే, అందులో ఒక్క గుడ్డ మాత్రం ఆకాశం రంగులో, వెండి అంచుతో గాలికి రెపరెపలాడుతుంటే, ఆహా ఏం అందం అనుకుని ఆటో ఆపించి ఫొటో కూడా తీసుకుంది. రిపోర్టు అట్ట మీద వేసుకోవచ్చని! ఏలూరులో ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగానికి చేరి ఇరవై రెండు రోజులే అయింది, అప్పుడే అట్ట దాకా వెళ్లిపోయింది.

చార్టు మీద పెద్దక్షరాలతో "లైంగిక హింస నివారణలో సమాజ భాగస్వామ్యం" అని ఉంది. వీరరాఘవమ్మ కళ్లజోడు సర్దుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

"ఇంత మాట పలకడానికి నాకు పళ్లు చాలవమ్మాయ్. దీన్ని మా ఊళ్లో ఏమంటారో తెలుసా?"

"ఏమంటారండి మామ్మగారూ?" అంది అర్షియా, పెన్ను మూత తీసి మరీ.

"ఏమీ అనం. అదే మా పద్ధతి."

అర్షియా ఆ మాట రాసుకుంది కూడా. రాశాక చూసుకుని పెన్ను మూత పెట్టేసింది.

"ఇంతకీ ఆడపిల్లల భద్రత గురించేనా నీ గోలంతా?" అంది వీరరాఘవమ్మ ఆకుకి సున్నం రాస్తూ. "మా ఇంట్లో ఆ పని పది రోజుల కిందటే అయిపోయింది. మనవరాలిని బడి మానిపించేశాను. గడప దాటట్లేదు. ఇంతకన్నా భద్రం మీ ఆఫీసులో ఎవరికైనా తెలుసా?"

"అయ్యో, ఎన్నో క్లాసండీ?"

"పదో క్లాసు. మార్చిలో పరీక్షలు. క్లాసు ఫస్టు." ఆ ఆఖరి మాట దగ్గర ఆవిడ గొంతు చిన్నదైపోయింది. దాన్ని కప్పెయ్యడానికి గబగబా ఆకు నోట్లో పెట్టేసుకుంది.

ఆ మధ్యాహ్నమే అర్షియా వాళ్లింటికి వెళ్లింది. మనవరాలు లక్ష్మీదుర్గ వసారాలో కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. బడి లేకపోయినా రెండు జడలూ రిబ్బన్లతో మడిచి కట్టుకుంది. అర్షియా అడిగితే పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది.

"కోదండరామయ్య గారి చెరువు గట్టు మీద కాపలా పాక ఉంటుంది కదక్కా. అక్కడ రోజూ పేకాట ఆడతారు. మేం వెళ్తుంటే ఏదో ఒకటి అంటారు. ఆ రోజు నేనొక్కదాన్నే. ఆయన బావమరిది ఈశ్వరప్రసాద్ గారు సైకిల్ క్యారియర్ పట్టుకుని ఆపేశారు. చెయ్యి పట్టుకున్నారు. లాక్కున్నాను, వదల్లేదు. చున్నీ పట్టుకుని లాగారు. అది వదిలేసి వచ్చేశాను."

"చున్నీతోనే పోయింది," అంది వీరరాఘవమ్మ లోపల్నుంచి. "అమ్మా నాన్నా లేని పిల్ల. రేపు ఇంకోటేదన్నా అయితే నేనెవరికి చెప్పుకోను? కోదండరామయ్య పెద్దమనిషే, కాదన్ను. కానీ సగం ఊరు ఆయన చెరువుల మీదే బతుకుతోంది. ఆయన బావమరిది మీద మాటంటే ఎవడు నమ్ముతాడు? బడికి పోవాలంటే ఆ గట్టు తప్ప వేరే దారి లేదు."

"ఫిబ్రవరి మొదటికల్లా రాకపోతే హాల్ టికెట్ కష్టమని హెడ్మాస్టారు కబురు పెట్టారక్కా," అంది లక్ష్మీదుర్గ. జనవరి నెలాఖరుకి ఇంక పన్నెండు రోజులే ఉంది.

ఏలూరు ఆఫీసులో పెద్దావిడ ప్రభావతి మేడమ్ అంతా విని, చార్టు చుట్టేసి బీరువా మీద పడేశారు. "తాడేపల్లిగూడెం ట్రైనింగులో మ్యాపు గీయడం నేర్పారుగా, అది చెయ్యి. నువ్వు మాట్లాడకు. పిల్లల్ని గీయనియ్యి," అన్నారు. అర్షియాకి "నువ్వు మాట్లాడకు" అనే ముక్క ఒక్కటే కొంచెం కష్టంగా తోచింది.

ఆదివారం పొద్దున్న పుంతలంకలో చేపలు కాటా వేసే సిమెంటు గచ్చు మీద, కోదండరామయ్య గారి చెరువు పక్కనే, పదకొండు మంది ఆడపిల్లలు చేరారు. ముగ్గు పోసి చెరువులు గీశారు, గట్లు గీశారు, బడి గీశారు, బడి మీద జెండా కూడా గీశారు. ఎక్కడెక్కడ భయం వేస్తుందో అక్కడ ఎర్ర చుక్క పెట్టమంది అర్షియా, కుంకుమ పొట్లం ఇచ్చి.

"కుంకుమేంటమ్మాయ్, రేపు పొద్దున్న చేపల నీళ్లు పడితే కొట్టుకుపోతుంది," అంది వీరరాఘవమ్మ. ఎప్పుడొచ్చిందో గాని, చేతిలో పడవకి వేయగా మిగిలిన ఎర్ర రంగు డబ్బా ఉంది. "పెడితే ఉండేలా పెట్టండి."

ఏడు చుక్కలు పడ్డాయి. ముగ్గు గీతలు కూడా చెరిగిపోకుండా వాటి మీద వెల్ల వేసేశారు. కోదండరామయ్య గారి చెరువు దగ్గర చుక్క పెట్టడానికి పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు లక్ష్మీదుర్గ బ్రష్షు తీసుకుని, చుక్క అనడానికి వీల్లేకుండా అరచేతంత గుండ్రం పెట్టింది. అర్షియా నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, ఏ చెరువు ఎవరిదో నోట్సులో రాసుకుని, మహా సంతోషంగా బస్సెక్కింది.

అది రెండు వేల ఆరు జనవరి అనే సంగతి మాత్రం ఆవిడ గారు మర్చిపోయారు. ఆ నెల కొల్లేటి చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా ఒకటే మాట. ఐదో కాంటూరు, అంటే సర్కారు కొల్లేటికి గీసిన హద్దు, దాని లోపలున్న చేపల చెరువులన్నీ కొట్టేస్తారట, మిషన్లు వస్తాయట, సర్వే వాళ్లు ఎవరికీ చెప్పకుండా మామూలు మనుషుల్లా తిరుగుతున్నారట! అలాంటప్పుడు ఏలూరు నుంచి చదువుకున్న అమ్మాయి వచ్చి, ఊరి చెరువులన్నీ నేల మీద గీయించి, ఎర్ర చుక్కలు పెట్టించి, ఫొటోలు తీసి, పేర్లు రాసుకుని వెళ్తే పుంతలంక ఏమనుకోవాలి?

మర్నాడు సాయంత్రం అర్షియా ఇంటికొచ్చేసరికి వాళ్లమ్మ మహబూబ్ బీ గుమ్మంలోనే ఆపేసింది.

"ఏమే, నువ్వు చేసే ఉద్యోగమేంటో నాకు సరిగ్గా చెప్పు. ఎవరో రైతుగారు వచ్చి గంటసేపటి నుంచి కూర్చున్నారు. నన్ను అమ్మగారూ అమ్మగారూ అంటున్నారు. బకెట్లో బతికున్న కొరమీనులు రెండు తెచ్చారు. ఒకటి దూకి మీ నాన్న కుట్టుమిషను కిందకి పోయింది. పట్టుకోలేక చచ్చాం!"

లోపల కోదండరామయ్య మడత నలగని పంచెలో, కుర్చీ అంచున, పరీక్షకొచ్చిన పిల్లాడిలా కూర్చున్నాడు. అర్షియాని చూసి లేచి నుంచున్నాడు.

"అమ్మాయి గారూ, నమస్కారమండి. నేను పుంతలంక కోదండరామయ్యనండి. మీతో చిన్న మనవండి. మా చెరువు మొదటి నుంచీ కాంటూరు బయటే ఉందండి. కాగితాలన్నీ ఉన్నాయండి. ఎర్ర చుక్క పొరపాటున పెట్టేశారండి. అందరికీ చిన్న చుక్క పెట్టి మాకేమో అంతది పెట్టారండి. కాస్త చెరిపించండి, మీకు పుణ్యముంటుంది."

అర్షియాకి విషయం బుర్రకెక్కడానికి కొంచెంసేపు పట్టింది. ఎక్కేలోపల నోట్లోంచి వచ్చింది మాత్రం నిజమే.

"ఆ చుక్కలు నేను పెట్టలేదండి. మీ ఊరి ఆడపిల్లలు పెట్టారు. చెరపాలన్నా వాళ్లే చెరపాలి."

"చిన్నపిల్లలా అండి?" కోదండరామయ్య నోరు తెరిచాడు. "గవర్నమెంటు వారు ఇప్పుడు పిల్లల చేత చేయిస్తున్నారా అండి?"

అర్షియా కాదండీ అనేలోపు ఆయన దణ్ణం పెట్టి, చేపలు వదిలేసి, వెళ్లిపోయాడు.

ప్రభావతి మేడమ్ ఫోన్లో నిమిషం పాటు నవ్వారు. తర్వాత నవ్వాపి, "మీటింగుకి ఈసారి జనం వస్తారు, చూడు. కానీ మొదటి మాటగానే నిజం చెప్పెయ్. వాళ్లంతట వాళ్లు కనిపెడితే ఆ కోపం నీ మీద కాదు, ఆ పదకొండు మంది మీద పడుతుంది. చేపలు కూడా తిరిగిచ్చెయ్," అన్నారు.

"బతికున్నవాటిని బస్సులో ఎలా తీసుకెళ్లనండి?"

"వాళ్లు ఎలా తెచ్చారో అలాగే."

గురువారం అర్షియా కైకలూరు బస్సులో కాళ్ల మధ్య బకెట్టు పెట్టుకుని కూర్చుంది. కండక్టరు బకెట్టులోకి తొంగి చూసి, "వీటికి హాఫ్ టికెట్టా అండి, ఫుల్ టికెట్టా?" అన్నాడు. బస్సు బస్సంతా నవ్వింది.

పుంతలంకలో మాత్రం నవ్వే తీరిక ఎవరికీ లేదు. గచ్చు చుట్టూ ఊరు ఊరంతా ఉంది! మగాళ్లు ఇస్త్రీ చొక్కాల్లో వచ్చారు. చుక్కలు చెరపాల్సింది పిల్లలేనని తెలిసిన ఈ మూడు రోజుల్లో ఆడపిల్లలకి దక్కిన మర్యాదలు అన్నీ ఇన్నీ కావు. చుక్క పడిన ఒకాయన తన పాకలో పేకాట ఎత్తించేశాడు. ఇంకొకాయన గట్టు మీద తుమ్మకంప కొట్టించి దారి శుభ్రం చేయించాడు. మరొకాయన లక్ష్మీదుర్గని "అమ్మా, తమరు" అన్నాడట. వీరరాఘవమ్మ ఆ ముక్క చెప్పి చెప్పి నవ్వుతోంది.

అర్షియా లెక్క వేసుకుంది. ఇప్పుడు నిజం చెబితే ఈ ఇస్త్రీ చొక్కాలన్నీ లేచి వెళ్లిపోతాయి. లక్ష్మీదుర్గ హాల్ టికెట్టూ వాటితోనే పోతుంది. చెప్పకపోతే, ఇంకో వారంలో నిజం బయటపడి ఈ మర్యాదలన్నీ పిల్లల మీద పగగా మారతాయి. కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో చెప్పేసింది.

"అందరూ క్షమించాలండి. నాకూ కాంటూరుకీ ఏ సంబంధమూ లేదు. గట్లు కొలవడానికి రాలేదు. ఎవరి చెరువూ కొట్టించను. ఆ చుక్కలు, మీ పిల్లలు బడికి వెళ్తూ భయపడే చోట్లు. అంతేనండి."

వెనక వరసలో ఎవరో "అమ్మయ్య" అన్నారు. ఇద్దరు లేచి కండువాలు దులుపుకున్నారు. ఇంకో నలుగురు వాళ్ల వెనకే లేచారు. కోదండరామయ్య మొహం విచ్చుకుంది, "ఆ మాట ముందే చెప్పుంటే అయిపోయేది కదండీ" అంటూ ఆయనా లేవబోయాడు. అంతా అయిపోయిందనుకుంది అర్షియా. కనీసం చేపలన్నా అప్పజెప్పేస్తే ఒక పనైనా సరిగ్గా చేసినట్టుంటుందని బకెట్టు ఎత్తింది.

"ఇవి తీసుకోకూడదండి కోదండరామయ్య గారూ. మీ చేపలు మీ చెరువులోనే వదిలేస్తాను," అని నీళ్ల వైపు వంచబోయింది.

"అమ్మాయి గారూ! ఆగండాగండి!" కోదండరామయ్య పంచె ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చి రెండు చేతులతో బకెట్టు పట్టేసుకున్నాడు. "అందులో శీలావతి, బొచ్చె చేపపిల్లలు వేశామండి! కొరమీను పడితే ఇంకేమన్నా ఉందా? ఒక్క పిల్లని మిగల్చదు! మీకు తెలీదా అండి?"

ఏలూరులో పుట్టి పెరిగిన అర్షియాకి కొరమీను పులుసు తెలుసు గాని కొరమీను సంగతి నిజంగానే తెలీదు. వెళ్లిపోయేవాళ్లు కూడా వెనక్కి తిరిగి నవ్వుతున్నారు. చెవులు ఎర్రబడి నుంచుందావిడ. అప్పుడు గచ్చు అంచు మీద కూర్చున్న వీరరాఘవమ్మ, ఆకు దవడ మార్చుకుని, ఎంతో నెమ్మదిగా అడిగింది.

"కోదండం బాబూ, రెండు కొరమీనులకే ఇంత పరుగు పరిగెత్తావే. మరి గట్టు మీద ఎవర్ని వదిలావో ఎప్పుడైనా చూసుకున్నావా నాయనా?"

నవ్వు ఇంకా సగంలోనే ఉంది. అది మెల్లగా ఆగిపోయింది. ఒక్కొక్క మొహమే తిరిగి, మోటారు సైకిలుకి ఆనుకుని నుంచున్న ఈశ్వరప్రసాద్ దగ్గర ఆగింది. ఎవరూ పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది, అదే అర్షియాకి వింతగా అనిపించింది. అంటే వీళ్లందరికీ తెలుసన్నమాట!

"ఏంటండి పిన్నిగారూ, ఏదో సరదాకి సైకిలాపాను. చిన్నపిల్ల కదాని ఆటపట్టించాను," అన్నాడు ఈశ్వరప్రసాద్.

లక్ష్మీదుర్గ లేచి నుంచుంది.

"ఆటైతే నాకూ నవ్వు రావాలి కదండీ." చెయ్యెత్తి చెరువు మధ్యకి చూపించింది. "నా చున్నీ అదిగో. తొమ్మిదో తారీఖు నుంచీ అక్కడే ఎగురుతోంది. ఈ గట్టు మీద మీరందరూ రోజూ తిరుగుతున్నారు. కొత్త చున్నీ, అక్కడికెలా వచ్చిందని ఒక్కళ్లూ అడగలేదు."

ఊరంతా అటు తిరిగింది. చిరిగిన పాత గుడ్డల మధ్య ఆకాశం రంగు చున్నీ, వెండి అంచుతో, గాలికి రెపరెపలాడుతోంది. అర్షియా కూడా అటే చూసింది. రిపోర్టు అట్ట! ఆటో ఆపించి మరీ తీసిన ఫొటో!

"నేనూ చూశాను," అంది మణెమ్మ, గట్టు మీదే పాలు పోసుకుంటూ రోజూ తిరిగే మనిషి. "చూసి ఏం చేశాను? అంచు బాగుందనుకున్నాను."

"నేను తీసుకొస్తాలే," అని ఈశ్వరప్రసాద్ కదిలాడు.

"ఆయన ముట్టుకోవద్దండి," అంది లక్ష్మీదుర్గ.

కోదండరామయ్య బకెట్టు కింద పెట్టాడు. చేపలకి మేత చల్లే పడవలోకి దిగాడు. అరవై ఏళ్లాయన, గెడ పట్టి ఎన్నేళ్లయిందో, పడవ ముందుకి వెళ్లదే! నీళ్లలో రెండు చుట్లు గుండ్రంగా తిరిగింది. సాయం రాబోయిన ఇద్దరినీ చెయ్యి ఊపి ఆపేశాడు. మామూలప్పుడైతే ఊరు పగలబడి నవ్వేదే. వీరరాఘవమ్మ కూడా నవ్వలేదు. అలా అవస్థ పడుతూనే వెళ్లి, ముడి విప్పి, చున్నీని రెండు చేతుల మీదా పరుచుకుని తెచ్చి లక్ష్మీదుర్గ ముందు నుంచున్నాడు.

"తప్పయిపోయిందమ్మా. నేనూ చూశానిది. వీడు కట్టాక కొంగలు వాలట్లేదని మెచ్చుకున్నాను కూడాను." ఆ తర్వాత బావమరిది వైపు తిరగకుండానే అన్నాడు, "ఇవాళే వీణ్ణి పంపించేస్తానమ్మా. చింతలపూడి దగ్గర మాకు పామాయిలు తోట ఉంది, అక్కడుంటాడు."

"చింతలపూడిలో ఆడపిల్లలు లేరా బాబూ?" అంది వీరరాఘవమ్మ. "అక్కడి మామ్మల కోసమన్నా పోలీసుల దగ్గర ఒక కాగితం ఉండాలి. ఏమే దుర్గా, రాస్తావా? నీ ఇష్టం. నా కోసం రాయకు."

లక్ష్మీదుర్గ ఆలోచించింది. "రాస్తాను. నా పేరుతోనే రాస్తాను. కానీ మామ్మా, రాస్తే నువ్వు సోమవారం నుంచి నన్ను బడికి పంపాలి."

"బేరమాడుతోందండి!" అంది వీరరాఘవమ్మ జనం వైపు తిరిగి, కళ్లు తుడుచుకుంటూ. "పెద్ద క్లాసు ఫస్టు!"

అర్షియా పెన్ను ఇచ్చింది. ఈసారి మూత తీసి ఇచ్చింది. మండవల్లి పోలీసు స్టేషనుకి కాగితంతో పాటు షేరాటోలో ఎనిమిది మంది వెళ్లారు. డ్రైవరు పక్కన ఒక చెక్క మీద కోదండరామయ్య కూర్చున్నాడు. సాక్షి సంతకం తనే పెడతానన్నాడు. ఇంట్లో వాళ్లావిడ కామేశ్వరి తమ్ముడి తరఫున మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది గాని, ఏమందో ఆయన ఎవరికీ చెప్పలేదు.

గచ్చు మీదే ఒక కమిటీ పుట్టింది. బడి వేళకి గట్టు మీద ఇద్దరు పెద్దవాళ్లుండాలి, ఒక రోజు ఆడవాళ్లు, ఒక రోజు మగవాళ్లు. పాకల దగ్గర ఎవడు నోరు జారినా పక్క పాకవాడే ముందు అడగాలి. దీనికి మంచి పేరుండాలని అర్షియా ఉత్సాహంగా మొదలుపెట్టిందో లేదో, వీరరాఘవమ్మ చెయ్యెత్తింది. "నా పళ్లకి పలికేది పెట్టమ్మాయ్." గట్టు కమిటీ అని పెట్టారు.

కొరమీనుల సంగతి అడక్కండి. అవి ఆ పూట వీరరాఘవమ్మ పొయ్యి మీదకెక్కాయి. తీసుకోకూడదు తీసుకోకూడదంటూనే అర్షియా రెండోసారి పులుసు వడ్డించుకుంది.

తర్వాత వారాల్లో చుక్కలు ఒక్కొక్కటే పోయాయి. పిల్లలు ఒప్పుకున్నాక, ఆ చెరువు వాళ్లే స్వయంగా కూర్చుని రంగు గీకెయ్యాలని కమిటీ రూలు. మార్చి నాటికి ఆరు పోయాయి. అరచేతంత గుండ్రం ఒక్కటే మిగిలింది.

పరీక్షల మొదటి రోజు పొద్దున్న అర్షియా గచ్చు దగ్గరే ఉంది. ఆ రోజు గట్టు వంతు కోదండరామయ్యది. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో రంగు గీకే రేకు ముక్క. రోజూ తెచ్చుకుంటాడట, ఎందుకైనా మంచిదని. ఆకాశం రంగు చున్నీ వీపు మీద ముడేసుకుని లక్ష్మీదుర్గ సైకిలు మీద వచ్చింది. వెనక క్యారియర్ మీద అట్ట, హాల్ టికెట్టు.

"అమ్మా, ఇవాళ చెరిపేద్దామా?" అన్నాడాయన.

"లెక్కల పరీక్ష అయ్యాక ఆలోచిద్దామండి!" అంది సైకిలు ఆపకుండానే.

"ఇవాళ ఏం పరీక్షమ్మా?"

"తెలుగండి!"

"లెక్కలెప్పుడు?" అని వెనకనుంచి అరిచాడు. సైకిలు అప్పటికే పాక దాటేసింది. అక్కడ ఆగలేదు, తిరిగి చూడలేదు.

"ఇంకా చాలా రోజులుంది నాయనా," అంది వీరరాఘవమ్మ, ఆకు మడుస్తూ. "కూర్చో."

కోదండరామయ్య రేకు ముక్క జేబులో పెట్టుకుని, ఎర్ర గుండ్రం తొక్కకుండా పక్కకి జరిగి, కూర్చున్నాడు.